శక్తి పెంచుటకు ముందు

కలకత్తాకు నైరృతి దిశయందు, ఖిద్దిర్‌పూర్ రేవులను దాటిన పిమ్మట హుగ్లీ నది వంపు తిరుగుచోట, గార్డెన్ రీచ్ అను పేట కలదు. పద్దెనిమిదవ శతాబ్దిలో ఐరోపావారు తోటల నడుమ నదికెదురుగా భవనములు కట్టుకొన్నందున దానికి ఆ పేరు వచ్చినది. 1856లో రాజ్యము కోలుపోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి దాని ప్రక్కనే మటియాబుర్జులో తన చిన్న లక్నోను కట్టుకొన్నాడు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన కార్యాలయమును ఇచ్చటనే నెలకొల్పుకొన్నది. తెలుగువారికి ఈ పేట పరాయిది కాదు. ఆ సంస్థ 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వేగా రూపొందిన పిమ్మటను, 2003లో వాల్తేరు డివిజను తూర్పుకోస్తా రైల్వేలో కలియువరకును, మన ఉత్తరాంధ్ర రైలు కుటుంబములలో గార్డెన్ రీచ్ అనగా బదిలీ ఉత్తరువులు బయలుదేరు చోటు. అట్టి ఉత్తరువొకటి చేతబట్టుకొని వచ్చి, సిగ్నల్ అండ్ టెలికాం శాఖలో పని చేసి, విశ్రాంతి పొందిన తరువాత కూడ నదిగాలిని విడువలేక అక్కడనే ఒక పాత యింటి క్రిందిభాగములో ఉండిపోయిన మా మేనమామగారి వలన నేను నేర్చుకొన్న పాఠమును ఈ అధ్యాయములో చెప్పదలచితిని.

ఆ యింటి గోడలు సున్నము సుర్కీ కలిపి కట్టిన మూరెడు మందపు ఇటుక గోడలు. వానకాలమంతయు చెమ్మ పీల్చుకొని ఉండును. ముందుగదిలో రూటరు, దానికి రెండు గోడల అవతల వెనుకగదిలో మా అత్తయ్య మంచము. హైదరాబాదులోనున్న కూతురు సాయంకాలము ఫోనులో కనబడు సమయమునకు బొమ్మ నిలిచిపోవును, మాట తెగిపోవును. చూడవచ్చిన పనివాడు గోడను తట్టి చూచి, ఇంతకంటె శక్తిగల రూటరు కొనుక్కొనుడని చెప్పి పోయినాడు. మామయ్య ఆ మాట నమ్మలేదు. ఆయన అనుమానము రేవులోని ఓడల రాడార్లమీద ఉండెడిది. ఓడల రాడార్లు ఇంచుమించు 3, 9 గిగాహెర్ట్జ్‌ల చెంత పని చేయును గాని మన వైఫై వాడు 2.4, 5 గిగాహెర్ట్జ్‌ల పట్టీలలో కాదని చెప్పి ఆ అనుమానమును తీర్చితిని గాని, గోడను గూర్చి నాకును నిశ్చయము లేకుండెను.

"ఒరేయ్ అబ్బాయ్, గోడ నేరం చేసిందని ఎలా చెప్పేస్తావురా? కొలిచావా?" అని ఆయన అడిగినారు.

నేను కొలువలేదు. పాఠకమహాశయులలో పెక్కుమంది కూడ కొలిచి ఉండరు. బలహీనత కనబడినంతనే బలము పెంచబూనుట మనుష్యస్వభావము; ఆ బలహీనత ఎచ్చటిదో, ఎంతదో, ఏ దిక్కునుండి వచ్చునదో విచారించుట అభ్యాసమువలన మాత్రమే అలవడును. రైల్వే సిగ్నల్ శాఖవారికి ఆ అభ్యాసము నియమరూపమున అలవడినది. పని చేయుచున్న సిగ్నల్ పరికరమును విప్పుటకు ముందు స్టేషను మాస్టరుకు డిస్కనెక్షన్ మెమో వ్రాసి యిచ్చి, ఆయన సంతకము పడిన తరువాతనే దానిని తాకవలెను. పని ముగిసిన పిమ్మట పరీక్షించి, రీకనెక్షన్ వ్రాసి అప్పగించవలెను. లోపము కలిగిన ప్రతిసారియు రిజిస్టరులో కాలము, కారణము, చేసిన చికిత్స నమోదు కావలెను. మామయ్య తన జీవితకాలమంతయు ఆ కాగితములమీదనే గడపినారు. ఆయన ఒక పాత లాంగ్ నోటుబుక్కును నా ముందు పెట్టి, రూటరును ముట్టుకొనుటకు ముందు ఏమి చూచితినో వ్రాయమన్నారు.

కనుక తొలుత కొలత యొక్క భాషను తెలిసికొనవలెను. రేడియో శక్తిని డీబీఎమ్ అను కొలమానముతో చెప్పుదురు. ఒక మిల్లీవాటు శక్తి సున్న డీబీఎమ్. 10 డీబీఎమ్ అనగా 10 మిల్లీవాట్లు, 20 అనగా 100, 30 అనగా ఒక పూర్తి వాటు. మూడు కూడినచో శక్తి ఇంచుమించు రెట్టింపగును, మూడు తీసినచో సగమగును. అందుచేత 20 కిని 23 కిని భేదము అంకెలో స్వల్పమైనను, ప్రసారయంత్రము రెండింతలు శ్రమించవలెను. ఇంత శ్రమించినను, అడ్డులేని ఆరుబయట సంకేతము చేరు దూరము రెట్టింపు కావలెనన్న మూడు చాలదు, ఆరు కావలెను. ఫోనుకు చేరు సంకేతము మిల్లీవాటులో అత్యల్పభాగము గనుక ఋణసంఖ్యలలో ఉండును: మైనస్ 50 మిక్కిలి బాగు, మైనస్ 65 సంతృప్తికరము, మైనస్ 80 దాటినచో బొమ్మ నిలిచిపోవుటకు సిద్ధముగా ఉన్నదన్నమాట. ఈ ఒక్క గణితము మనస్సున పట్టినయెడల అంగడివాడు చెప్పు "హై పవర్" అనుమాటకు అర్థమెంతయో మీరే నిర్ణయించుకొనగలరు.

కంపెనీవారు రూటరులో పెట్టి పంపిన సాఫ్ట్‌వేరు ఎక్కువ, మధ్యస్థము, తక్కువ అను మూడు మాటలే చూపెడిది గాని ఒక్క అంకెయైనను చూపెడిది కాదు. అది ఎక్కువ మీదనే ఉన్నది. అయినను వెనుకగదిలో ఫోను మైనస్ 76 చూపెను. రూటరుకు ఫోను ఎంతగా వినబడుచున్నదో తెలిసికొను మార్గమే అందులో లేదు. సంభాషణయందు ఒకని చెవిని మాత్రమే పరీక్షించి తీర్పు చెప్పుట ఎట్లు? ఈ కారణముచేతనే నేను స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు వైపు తిరిగితిని.

దాని చరిత్ర క్లుప్తముగా చెప్పెదను. లింక్‌సిస్ వారి డబ్ల్యుఆర్‌టీ54జీ అను రూటరు లోపల లైనక్సు ఉన్నదని గ్రహించిన అభిజ్ఞులు, జీపీఎల్ లైసెన్సు ప్రకారము దాని మూలమును బయటపెట్టవలెనని కోరగా, 2003లో ఆ మూలము వెలువడినది; దాని ఆధారముతో 2004లో ఓపెన్ డబ్ల్యుఆర్‌టీ అను స్వేచ్ఛా రూటరుసాఫ్ట్‌వేరు ఆరంభమైనది. 2016లో ఆ బృందము రెండుగా చీలి, 2018లో మరల ఏకమైనది. 2024లో ఆ బృందమువారు తమ పేరనే ఒక రూటరును రూపొందింపజేసి, సాఫ్ట్‌వేరు చెడిపోయినను మరల బ్రతికించుటకు వీలుగా రెండవ ఫ్లాష్ స్మృతిని, దానికి మార్చు మీటను అందులో అమర్చినారు. యజమాని తన వస్తువును తెరచి చూచుకొనుట నేరము కాదు, హక్కు అని ఆ మీట చెప్పుచున్నట్లు నాకు తోచును.

మామయ్య యింటి రూటరు వెనుక అంటించిన చీటీమీద మోడలు పేరుతోబాటు చిన్న అక్షరములలో రెండవ వర్షన్ అని ఉన్నది. ఓపెన్ డబ్ల్యుఆర్‌టీలో మొదటి వర్షన్‌కు సిద్ధముగా వివరణ ఉండెను, రెండవదానికి లేకుండెను. ఇచ్చట నేను చేసిన తప్పును దాచను. ఏ రూటరులో ఏ చిప్పు ఎచ్చటనున్నది, ఏ సమాచారము ఫ్లాషులో ఏ స్థానమున భద్రపరుపబడినది అను సంగతులను డివైస్ ట్రీ అను ఫైలులో వ్రాయుదురు. నేను మొదటి వర్షన్ ఫైలును యథాతథముగా ప్రతి తీసి, పేరు మాత్రము మార్చి, ఫర్మ్‌వేరు కట్టి ఎక్కించితిని. రూటరు లేచినది. వెబ్‌పేజీ కనబడినది. నేను సంతోషించితిని. వెనుకగదికి పోయి చూడగా ఫోను మైనస్ 81 చూపెను. ఉన్నదియు పోయినది.

అయితే ఈసారి చూచుకొనుటకు కన్నులున్నవి. లైనక్సులో ఐడబ్ల్యు అను ఉపకరణముతో స్టేషన్ డంప్ అడిగినచో, కూడియున్న ప్రతి ఫోను రూటరు చెవికి ఎంత బలముగా వినబడుచున్నదో చెప్పును. అది మైనస్ 69 అని చెప్పెను. ఐడబ్ల్యుఇన్ఫోను అడుగగా 5 గిగాహెర్ట్జ్ ప్రసారశక్తి 3 డీబీఎమ్ మాత్రమేనని, అనగా రెండే మిల్లీవాట్లని తేలినది. నోటుబుక్కులో రెండు గడులు గీసి ఈ అంకెలు ప్రక్కప్రక్కన వ్రాసిన క్షణమున చిక్కుముడి విడిపోయినది. ఫోను పలికిన మాట ఆ రెండు గోడలను దాటి రూటరుకు స్పష్టముగా వినబడుచున్నది. రూటరు మాట మాత్రమే ఫోనును చేరుటలేదు. పోవునప్పుడును వచ్చునప్పుడును గోడ ఒక్కటే. ఒక దిక్కున దారి యిచ్చి వేరొక దిక్కున అడ్డగించు గోడ లోకములో లేదు గనుక, నేరము గోడది కాదు, రూటరు గొంతుది. మామయ్య అడిగిన ప్రశ్నకు సమాధానము దొరకినది.

గొంతు ఎందుకు తగ్గినది? ప్రతి రూటరులోని రేడియో చిప్పు, ఆ రూటరు కర్మాగారమునుండి బయటపడుటకు ముందు, ఒక్కొక్కటిగా కొలువబడును. ఒకే మూసలో పోసిన చిప్పులలోను చిన్న చిన్న భేదములుండుటచేత, ఈ చిప్పుకు ఇంత ఆజ్ఞ యిచ్చిన ఇంత శక్తి వెలువడునను పట్టిక ఒకటి ఫ్లాషులో ఫ్యాక్టరీ అను విభాగమున వ్రాయబడును. డ్రైవరు ఆ పట్టికను చదివి నడుచుకొనవలెను. నా రూటరు 5 గిగాహెర్ట్జ్ చిప్పు మీడియాటెక్ 7915. దాని పట్టిక మొదటి రెండు బైట్లు చిప్పు సంఖ్యయే, కాని తక్కువ విలువగల బైటు ముందు వచ్చు పద్ధతిలో 15, 79 అని తలక్రిందులుగా ఉండును. కెర్నెల్ లాగు తెరచి చూడగా, పట్టిక సరిగా లేనందున సామాన్యమైన పట్టికను వాడుకొంటినని డ్రైవరు స్పష్టముగా చెప్పియే ఉన్నది. నేను చదువలేదు. రూటరు చూపుచున్న మ్యాక్ చిరునామా వెనుక చీటీమీది చిరునామాతో సరిపోకపోవుట కూడ అదే తప్పుకు సాక్ష్యము. దానిని కూడ చూడలేదు.

ఫ్యాక్టరీ విభాగపు ప్రతిని కంప్యూటరులోనికి తీసికొని హెక్స్‌డంప్‌తో తెరచి, 15, 79 అను జంటను వెదకితిని. విభాగము ఆరంభమున ఉన్నది వేరొక చిప్పు పట్టిక, 2.4 గిగాహెర్ట్జ్‌కు చెందినది. నేను వెదకునది హెక్సు లెక్కలో 5000వ స్థానమున ఉన్నది. నా ఫైలులో సున్న అని ఉండెను. ఆ ఒక్క సంఖ్యను దిద్దవలెను.

దిద్దిన దానిని కట్టు విధానమిది. లైనక్సు కంప్యూటరొకటి, ఇరువది గిగాబైట్ల ఖాళీ చోటు, నిలకడైన కరెంటు కావలెను. రూట్ అధికారముతో గాక సామాన్య వినియోగదారునిగా పని చేయవలెను. ఫోల్డరు పేర్ల నడుమ ఖాళీలుండరాదు. గిట్‌తో మూలమును దింపుకొని, నిత్యము మారుచుండు శాఖను గాక స్థిరమైన విడుదలను ఎన్నుకొనవలెను. ఫీడ్స్ అను అదనపు ప్యాకేజీల సూచీని తాజాపరచి స్థాపించవలెను. పిమ్మట మేక్ మెనూకాన్ఫిగ్ అనినచో ఒక జాబితా తెరచుకొనును: అందు మీ చిప్పు కుటుంబమును, రూటరును ఎంచుకొని, అవసరమైనవి మాత్రమే ఉంచుకొనుడు. ఫ్లాషు చిన్నది, ఆశ పెద్దది. తొలిసారి కట్టువారు కనబడినదానినెల్ల చేర్చి ఇమేజి పట్టక విచారింతురు. తరువాత మేక్. కంపైలరును కూడ అదియే ముందుగా కట్టుకొనును గనుక మొదటిసారి గంటల తరబడి పట్టును. కరెంటు పోయినచో కంగారుపడక మరల ఆజ్ఞ యిచ్చిన చాలును, కట్టినంతవరకు నిలిచియుండును. ఒక అంకె మార్చి రెండవమారు కట్టుటకు మాత్రము కొద్ది నిమిషములు చాలును.

ఎక్కించుటలోనే ధైర్యమునకును సాహసమునకును గల భేదము తెలియును. చాందినీ చౌక్ బజారులో కొన్న ఒక యూఎస్‌బీ సీరియల్ అడాప్టరును రూటరు బోర్డుమీది మూడు పిన్నులకు కలిపితిని, అది 3.3 వోల్టులది కావలెను, అయిదు వోల్టులది కలిపినచో చిప్పు కాలిపోవచ్చును, దాని సరఫరా తీగను అసలే కలుపరాదు. బాడ్ రేటు 115200. ఆ తీగగుండా బూట్‌లోడరు పలుకు మాటలు కంప్యూటరు తెరమీద కనబడును. అక్కడ ఆపి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అను ఇమేజిని టీఎఫ్‌టీపీ ద్వారా పంపినచో రూటరు దానిని తాత్కాలిక స్మృతిలో మాత్రమే నడుపును. ఫ్లాషు మీద ఒక్క అక్షరము మారదు. తప్పైనచో ప్లగ్గు తీసి పెట్టిన చాలును, పాత స్థితి. ఆ విధముగా పరీక్షించి, కొలిచి, నోటుబుక్కులో వ్రాసికొని, ఆ తరువాత సిస్‌అప్‌గ్రేడ్‌తో స్థిరపరుపవలెను. అన్నిటికంటె ముందు ఫ్యాక్టరీ విభాగపు ప్రతిని రెండుచోట్ల భద్రపరచుకొనుడు: ఫర్మ్‌వేరును లోకమంతట ఎక్కడనుండియైనను తెచ్చుకొనవచ్చును గాని, మీ చిప్పు పట్టిక మీ రూటరులో తప్ప మరెక్కడను లేదు. దానిలో మీ మ్యాక్ చిరునామా కూడ ఉండును గనుక ఇతరులకు పంపరాదు.

రూటరుకు దేశము పేరును కూడ చెప్పవలెను. చెప్పనిచో లైనక్సు సున్న సున్న అను సర్వలోకసామాన్య నియమావళిని పట్టుకొని, ఏ దేశములోను తప్పు కాని మిక్కిలి సంకోచపు హద్దులలో నడుచును. 5 గిగాహెర్ట్జ్‌లో తనంతట తాను ప్రసారము ఆరంభింపను కూడ ఆరంభింపదు. వైర్‌లెస్ అమరికలో దేశమును ఐఎన్ అని పెట్టితిని. దిద్దిన ఇమేజితో 20 డీబీఎమ్ అడుగగా 20 వెలువడినది. వెనుకగదిలో ఫోను మైనస్ 64 చూపెను. రూటరు చెవికి ఫోను మునుపటి మైనస్ 69 తోనే వినబడినది. పదునేడు పెంచితిమి, సరిగా పదునేడు వచ్చినది. గడులలో ఆ అంకెలు చూచి మామయ్య ఏమియు అనక, వాని క్రింద పొట్టి సంతకమొకటి చేసినారు.

ఇక్కడ ఒక ప్రలోభము ఎదురగును. శక్తిని ఇంకను పెంచరాదా? దేశము పేరు మార్చినచో హద్దు మారునని చెప్పు మిత్రులు ప్రతి ఊరను ఉందురు. మన దేశములో 2005 జనవరి నిబంధనలు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొననిచ్చినవి. ప్రసారిణి శక్తి ఒక వాటు, ఆంటెనా బలము కూడ కలుపుకొని నాలుగు వాట్లు మించరాదు. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలు మరింత విశాలముగా తెరువబడినవి. హద్దును దాటినందువలన కలుగు ఫలము ఎట్టిదో అమెరికాలో కనబడినది: దేశము మార్చి అధికశక్తి పొందు వీలున్న రూటర్లు అమ్మినందుకు టీపీ లింక్ సంస్థ 2016లో రెండు లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది, అదే ఒప్పందములో స్వేచ్ఛాసాఫ్ట్‌వేరుకు చోటిచ్చు మార్గమును చూతుమని కూడ చెప్పినది. తాళము వేయుట, హక్కు నిలుపుట అను రెండింటికిని పొత్తు కుదురవచ్చునని ఆ సంఘటనవలన నాకు తోచినది. ఒకరి అతిక్రమణ నెపముగా అందరి రూటర్లకును తాళము పడునను భయము ఆ రోజులలో నిజముగానే ఉండెను. కావున హద్దులో నిలుచుట స్వేచ్ఛను కోరువానికి ద్విగుణమైన బాధ్యత.

చట్టము మాట అటుంచి, భౌతికశాస్త్రము కూడ ఒప్పుకొనదు. యాంప్లిఫయరును దాని శక్తికి మించి తోసినచో సంకేతము వికృతమగును. వేగవంతమైన వైఫై సంకేతములు సున్నితమైనవి గనుక మొదట నష్టపోవునవి అవే. అరచుచున్నవాని గొంతు దూరమునకు వినబడును గాని పదములు తెలియవు. ఫోనును చూచినచో, దాని శక్తి పదిహేను డీబీఎమ్ ప్రాంతములోనే ఉండును. రూటరు ముప్పదితో పలికినను అది తన చిన్న గొంతుతోనే బదులు చెప్పవలెను.

ఈ నగరమునందే, 1890ల నడుమ, ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు జగదీశచంద్ర బోసు టౌన్ హాలులో అదృశ్యతరంగములను గోడల గుండా పంపి దూరమున గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపినాడు. ఆయన తరంగములు కొన్ని మిల్లీమీటర్ల పొడవు మాత్రమే కలవి, ప్రసారము బలహీనమైనది. ఆయన ప్రతిభలో పెద్దభాగము గ్రహించు పరికరమును సున్నితము చేయుటయందు వెచ్చింపబడినది. స్నేహితులు ప్రోద్బలము చేయగా 1904లో అమెరికాలో లభించిన పేటెంటు ఆ గ్రాహకమునకు సంబంధించినదే; తన జ్ఞానమును ఆస్తిగా కట్టిపెట్టుకొనుట ఆయనకు సహజముగా నచ్చెడిది కాదు. గోడలు దాటించు విద్యను ఆయన చూపిన ఊరిలో నిలిచి, ముందు చెవిని సరిచూచుకొనుమని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

కావున నేను చేసినది పెంచుట కాదు, తగ్గించుట. 20 నుండి 17 కు దించితిని, అనగా నూరు మిల్లీవాట్లనుండి ఏబదికి. ఫోను మైనస్ 67 చూపెను, రూటరు మైనస్ 69 వినెను. ఇరువురి గొంతులు దాదాపు సమమైనవి. బొమ్మ ఆగలేదు. రూటరు ప్రక్కనున్న ఇనుప బీరువాను ఒక గజము జరిపి, రూటరును తలుపుకెదురుగా ఎత్తున పెట్టగా మరి నాలుగు డెసిబెల్లు ఊరక దొరకినవి. ఒక మాట: 5 గిగాహెర్ట్జ్‌లోని నడిమి ఛానెళ్ళను వేరు రకపు రాడార్లతో పంచుకొనవలసి యుండుటచేత, వానిని ఎంచుకొన్నచో రూటరు కనీసము అరువది సెకండ్లు మౌనముగా విని, రాడారు లేదని తెలిసికొన్న తరువాతనే పలుకును. కరెంటు వచ్చిన వెంటనే పేరు కనబడలేదని శక్తిలోపమును శంకించి మరల ఫర్మ్‌వేరు కట్టబోకుడు, నిమిషము వేచియుండుడు. మామయ్య యింటికి 36వ ఛానెలు చాలినది, అక్కడ ఈ నియమము వర్తింపదు.

మిగిలినది, దిద్దిన వివరణను పదిమందికి ఇచ్చుట. ఆ రెండవ వర్షన్ రూటరు ఇంకెందరి యిండ్లలో ఉన్నదో! మార్పును గిట్‌లో ఒక్క ప్యాచిగా కూర్చి, ఏ లోపము, ఏ కారణము, ఎట్లు పరీక్షించితిమి అను మూడు సంగతులు వ్రాసి, క్రింద మన పేరుతో సైన్డ్ ఆఫ్ బై పంక్తి చేర్చవలెను. నేను వ్రాసినది ఆంగ్లములో మూడు వాక్యములు. మామయ్య కళ్ళజోడు పెట్టుకొని చదివి, "కొలత ఏదిరా? ముందు ఎంత, తరువాత ఎంత? అది లేకపోతే ఎవడు నమ్ముతాడు?" అన్నారు.

"నిజమే మామయ్యా, వేస్తాను" అని, 3, 20 అను అంకెలను, వాని ప్రక్కన మైనస్ 81, మైనస్ 64 అను అంకెలను చేర్చితిని. అప్పుడాయన నోటుబుక్కులో ఆనాటి తేదీకి ఎదురుగా, చెయ్యి కొద్దిగా వణకుచుండగా, "రీకనెక్టెడ్. టెస్టెడ్. ఓకే." అని మూడు మాటలు వ్రాసినారు. లోపలినుండి అత్తయ్య ఎవరినో గద్దించుచున్న ధ్వని వినబడినది. హైదరాబాదులో మనుమరాలు పాలు త్రాగుటలేదట.